టెనెసీ నడక గుర్రాలు: పోటీలో రిబ్బను, వేలంలో ధర, మధ్యలో ముందుకాళ్లు

అమెరికాలో టెనెసీ రాష్ట్రం నడిమధ్యన షెల్బీవిల్ అని ఒక చిన్న పట్నం ఉంది. ఏటా ఆగస్టు చివర్లో పది పదకొండు రోజులు అక్కడ గుర్రాల పండగ జరుగుతుంది. పేరు టెనెసీ వాకింగ్ హార్స్ నేషనల్ సెలబ్రేషన్. 1939లో మొదలైంది. ఇక్కడ గుర్రాలు పందెం పరిగెత్తవు, కంచెలు దూకవు. నడుస్తాయి. ఏ గుర్రం ఎంత అందంగా నడిచిందో చూసి జడ్జీలు బహుమతి ఇస్తారు. ఆఖరి రాత్రి గెలిచిన గుర్రం వరల్డ్ గ్రాండ్ ఛాంపియన్.

నడకలో పోటీ అంటే ఎవరికీ ఏ హానీ లేని వినోదం అనిపిస్తుంది. కానీ ఈ నడక కోసం 1970లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. ఆ చట్టం అమలు మీద ఐదు దశాబ్దాలు దాటినా కోర్టుల్లో వాదనలు సాగుతూనే ఉన్నాయి. 2006లో తనిఖీ అధికారులకూ గుర్రాలవాళ్లకూ మధ్య గొడవ ముదిరి, సెలబ్రేషన్ చరిత్రలో మొదటిసారి ఛాంపియన్ లేకుండానే పండగ ముగిసింది.

ఇదంతా షెల్బీవిల్ గొడవ అనుకుంటే సగమే అర్థమవుతుంది. వసంతం నుంచి ఆకురాలే కాలం దాకా టెనెసీ, కెంటకీ, అలబామా, మిసిసిపీ ఊళ్లలో జరిగే చిన్న చిన్న షోలు, వాటి వెనకే నడిచే గుర్రాల వేలాలు, అసలు లెక్కలన్నీ అక్కడున్నాయి. ముందు ఆ నడక ఏమిటో చూడాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

పుట్టుకతో వచ్చే నడక

మామూలు గుర్రం కాస్త వేగం అందుకుందంటే ట్రాట్ మొదలుపెడుతుంది. ముందు కుడికాలు, వెనక ఎడమకాలు ఒక జత. ముందు ఎడమ, వెనక కుడి ఇంకో జత. ఒక జత నేలను తన్ని లేస్తుంది, క్షణం పాటు గుర్రం మొత్తం గాల్లో ఉంటుంది, తర్వాత రెండో జత పడుతుంది. అందుకే జీను మీద కూర్చున్న మనిషి ఎగిరెగిరి పడతాడు. గంటసేపు అలా వెళ్తే నడుము ఎవరిదైనా పట్టేస్తుంది.

టెనెసీ వాకింగ్ హార్స్ అలా కాదు. దాని నాలుగు కాళ్లూ నాలుగు వేర్వేరు క్షణాల్లో నేలకు ఆనుతాయి. వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి, ఇదీ వరస. ఎప్పుడూ ఏదో ఒక కాలు నేల మీద ఉంటుంది కాబట్టి వీపు ఎగరదు. ఇదే వరసలో నెమ్మదిగా నడిస్తే ఫ్లాట్ వాక్, వేగం పెంచితే రన్నింగ్ వాక్. గంటకు 15 కిలోమీటర్లు దాటిన వేగంలో కూడా రౌతు కుర్చీలో కూర్చున్నట్టే ఉంటాడు. ప్రతి అడుక్కీ గుర్రం తల కిందికీ పైకీ ఊగుతుంది. చెవులు ఆ తాళానికి కదులుతాయి. కొన్ని గుర్రాలకు పళ్లు కూడా టకటకమంటాయి.

ఈ నడక బాగుందో లేదో చూడటానికి ఇసుక నేల చాలు. గుర్రం వెళ్లాక వంగి గిట్టల ముద్రలు చూడాలి. ముందుకాలు దిగిన చోటును దాటి అదే పక్క వెనక్కాలి ముద్ర పడి ఉంటుంది. ఆ రెంటి మధ్య దూరాన్ని ఓవర్‌స్ట్రైడ్ అంటారు. మంచి గుర్రానికి ఇది 6 అంగుళాల నుంచి 18 అంగుళాల దాకా ఉంటుంది. అంటే నడకలోని గొప్పతనమంతా వెనక్కాళ్ల సాగులో, నాలుగు కాళ్ల తాళంలో ఉందన్నమాట. ముందుకాలు ఎంత ఎత్తు లేచిందన్నది దీనికి అవసరమే లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మిగతా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఈ జాతి పుట్టింది పొలాల కోసం. అంతర్యుద్ధానికి ముందు దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలతో సేద్యం చేయించిన పెద్ద పెద్ద ఎస్టేట్లలో యజమానులు, వాళ్ల మనుషులు రోజంతా గుర్రం మీద తిరిగేవాళ్లు. పంటచాళ్ల మధ్య మొక్కలు తొక్కకుండా, అలసట లేకుండా నడిచే గుర్రం కావాలి. తర్వాతి కాలంలో పల్లెటూళ్లు తిరిగే డాక్టర్లు, పాస్టర్లు ఇవే వాడారు. నారగాన్‌సెట్ పేసర్, కెనడియన్ పేసర్, మోర్గాన్, స్టాండర్డ్‌బ్రెడ్, థరోబ్రెడ్, ఇలా చాలా రక్తాలు ఇందులో కలిశాయి.

జాతి మూలపురుషుడిగా లెక్కేసే గుర్రం పేరు బ్లాక్ అలన్. 1886లో కెంటకీలో పుట్టింది. దాన్ని ట్రాట్ పందేల కోసం పుట్టించారు. అదేమో ట్రాట్ చేయనని మొండికేసింది, ఒకే పక్క కాళ్లు రెండూ కలిసి కదిలే నడకే నడిచింది. పందేలకు పనికిరాదని చేతులు మారి మారి చివరికి 1903లో మధ్య టెనెసీకి చెందిన జేమ్స్ బ్రాంట్లీ చేతికి వచ్చింది. దాని సంతానం నడక చూశాక గానీ దాని విలువ తెలియలేదు. 1910లో చచ్చిపోయింది. 1935లో లూయిస్‌బర్గ్‌లో జాతి సంఘం పెట్టుకున్నప్పుడు రిజిస్టరులో ఎఫ్-1 అని మొదటి స్థానం దానికే ఇచ్చారు. 1947లో రిజిస్టరు మూసేశారు, అంటే అప్పటి నుంచి తల్లీ తండ్రీ ఇద్దరూ రిజిస్టరయిన గుర్రాలైతేనే పిల్లకు కాగితం.

బ్లాక్ అలన్ మొండితనానికి కారణం ఏమై ఉంటుందో 2012లో శాస్త్రం చెప్పింది. స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తల బృందం డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పును గుర్తించి నేచర్ పత్రికలో ప్రచురించింది. వెన్నుపాములో కాళ్ల కదలికను సమన్వయం చేసే నాడీకణాల మీద ఈ జన్యువు పనిచేస్తుంది. ఐస్‌లాండ్ గుర్రం, పెరూవియన్ పాసో లాంటి నడక జాతులన్నింట్లో ఆ మార్పు కనిపించింది. టెనెసీ గుర్రాల్లో దాదాపు అన్నిటికీ తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తుంది. తల్లి పక్కన పచ్చికలో తిరిగే పిల్లగుర్రం ఎవరూ నేర్పకుండానే ఆ నడక నడుస్తుంది.

శనివారం రాత్రి షోలు

చిన్న పట్నాల్లో షో సాధారణంగా వారాంతం సాయంత్రం మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది. నిర్వహించేది లయన్స్ క్లబ్బో, ఊళ్లో వాలంటీర్ల ఫైర్ స్టేషనో, స్కూలు కోసం చందా పోగుచేసే కమిటీనో. గేటు టికెట్టు, తినుబండారాల స్టాలు, పోటీదారుల ఎంట్రీ ఫీజు, వీటి మీద వచ్చింది ఆ ఊరి పనికే ఖర్చవుతుంది. కొన్ని ఊళ్లలో తరాలుగా ఇదే ఆనవాయితీ. షెల్బీవిల్ పక్కనున్న వార్‌ట్రేస్ అనే చిన్న ఊరు ఈ జాతికి పుట్టిల్లని చెప్పుకుంటుంది. 1939 మొదటి ఛాంపియన్ స్ట్రోలింగ్ జిమ్ సమాధి అక్కడి వాకింగ్ హార్స్ హోటల్ వెనక ఉంది.

పోటీ తరగతుల వారీగా జరుగుతుంది. రెండేళ్ల గుర్రాలు, మూడేళ్లవి, నాలుగేళ్లవి వేరువేరు. మగవి, ఆడవి, విత్తులు తీయించినవి వేరు. రౌతుల్లో వృత్తి ట్రైనర్లు ఒకచోట, అమెచ్యూర్లు ఇంకోచోట, పిల్లలు మరోచోట. రింగులోకి గుర్రాలన్నీ ఒకేసారి వచ్చి ఎడమ చేతివైపుగా తిరుగుతాయి. మైకులో ఫ్లాట్ వాక్ అంటారు, తర్వాత రన్నింగ్ వాక్. కొన్ని తరగతుల్లో క్యాంటర్, అంటే నెమ్మది పరుగు, కూడా ఉంటుంది. వెనక్కి తిరిగి మళ్లీ అంతా చేయాలి. తర్వాత అన్నీ వరసగా నిలబడతాయి. మొదటి స్థానానికి నీలి రిబ్బను, రెండోదానికి ఎరుపు, మూడోదానికి పసుపు. చిన్న షోల్లో జడ్జి ఒక్కడే. పెద్ద షోల్లో ముగ్గురో ఐదుగురో ఉండి మెజారిటీ చూస్తారు.

ఇందులో రెండు లోకాలున్నాయి. ఒకటి ఫ్లాట్‌షాడ్, అంటే మామూలు లాడం వేసుకుని సహజంగా నడిచే గుర్రాల తరగతులు. ట్రైల్ ప్లెజర్, ప్లాంటేషన్ లాంటి పేర్లతో ఉంటాయి. రెండోది పర్‌ఫార్మెన్స్ తరగతి. జనం నోట దాని పేరు బిగ్ లిక్. ఇక్కడ గుర్రం ముందు గిట్టల కింద మందమైన ప్యాడ్ల దొంతర ఉంటుంది, అది జారకుండా గిట్ట మీదుగా ఇనప పట్టీ బిగిస్తారు. గిట్టకు కాస్త పైన, కాలు సన్నబడే చోట, గొలుసు కడతారు. ఈ గుర్రం వెనక్కాళ్ల మీద కుంగి కూర్చున్నట్టు వంగి, ముందుకాళ్లను ఛాతీ దాకా విసురుతూ వెళ్తుంది. స్టాండ్లలో ఈలలు, కేకలు. సెలబ్రేషన్ ఆఖరి రాత్రి వరల్డ్ గ్రాండ్ ఛాంపియన్ పట్టం దక్కేది ఈ తరగతికే.

ఊళ్లో షోలో వచ్చే బహుమతి సొమ్ము ట్రక్కు డీజిల్‌కి కూడా సరిపోదు. అయినా జనం ఎందుకు అంతదూరం గుర్రాలు తోలుకొస్తారు? డబ్బు రింగు బయట ఉంది కాబట్టి. మన పల్నాడులో, ప్రకాశంలో బండలాగుడు పోటీల్లో గెలిచిన ఒంగోలు గిత్త ధర రాత్రికి రాత్రి ఎలా మారిపోతుందో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నీలి రిబ్బన్లు తెచ్చిన మగగుర్రానికి దాటింపు ఫీజు పెరుగుతుంది. దాని పిల్లలు పుట్టకముందే బేరం అవుతాయి. గెలిపించిన ట్రైనర్ దగ్గరికి కొత్త యజమానులు వస్తారు, నెలనెలా శిక్షణ ఫీజు కడతారు. ఊళ్లో షోలో గెలిస్తే పెద్ద షోకి ధైర్యం, పెద్ద షోలో గెలిస్తే సెలబ్రేషన్, అక్కడ గెలిస్తే వేలంలో పేరు. జడ్జి ఏది చూసి మార్కు వేస్తాడో కొనేవాడు దానికే డబ్బు పెడతాడు. కొనేవాడు దేనికి డబ్బు పెడతాడో పెంపకందారు, ట్రైనర్ దాన్నే తయారుచేస్తారు. ఈ జాతిలో తప్పంతా ఈ చక్రంలోనే జొరబడింది.

సోరింగ్

రెండో ప్రపంచయుద్ధం తర్వాతి సంవత్సరాల్లో షో జనానికి ఎత్తుగా లేచే ముందుకాలు నచ్చడం మొదలైంది. జడ్జీలు దానికే రిబ్బన్లు ఇచ్చారు. ఓపికగా నెలల తరబడి నేర్పితే కొంత ఎత్తు వస్తుంది. అడ్డదారి ఒకటుంది, అది తొందరగా పనిచేస్తుంది. గుర్రం ముందుకాళ్లకు నొప్పి పుట్టిస్తే, కాలు నేలకు తగలగానే మంట పుట్టి అది విసురుగా పైకి ఎత్తేస్తుంది. బరువంతా వెనక్కాళ్ల మీదికి తోసుకుంటుంది. రింగు బయట కూర్చున్నవాడికి అది ఆడంబరంగా కనిపిస్తుంది. దీన్నే సోరింగ్ అంటారు.

ఎలా చేస్తారో చెప్పకపోతే తీవ్రత తెలియదు. గిట్ట పైన చర్మానికి ఆవాల నుంచి తీసిన ఘాటు తైలమో, కిరోసినో, డీజిలో, ఇంకేదైనా కాల్చే రసాయనమో రాస్తారు. లోపలికి ఇంకేలా ప్లాస్టిక్ చుట్టి, మీద గుడ్డ కట్టి, కొన్ని గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి అలా కొట్టంలో వదిలేస్తారు. చర్మం మండిపోయి ఉన్నచోటే తర్వాత గొలుసు వచ్చి ప్రతి అడుక్కీ కొడుతుంది. ఇంకో పద్ధతి చూడటానికి కనిపించదు. గిట్ట అడుగును పచ్చిమాంసం దగ్గరపడేదాకా చెక్కేసి లాడం వేయడం, లేదా ప్యాడుకూ అడుగుకూ మధ్య గట్టి వస్తువేదో ఇరికించడం. ప్యాడ్ల దొంతర విప్పితే తప్ప అది బయటపడదు. నోరులేని ప్రాణి, తన మీద కూర్చున్న మనిషిని నమ్మి నడుస్తోంది. పుట్టుకతో వచ్చిన అందమైన నడకను పక్కన పెట్టి, నొప్పితో పుట్టిన విసురును నడక అని పిలవడం నాకు క్రూరత్వంతో పాటు ఆ జాతికే ద్రోహం అనిపిస్తుంది.

మేరీల్యాండ్ సెనేటర్ జోసెఫ్ టైడింగ్స్ దీన్ని పట్టుకుని హార్స్ ప్రొటెక్షన్ యాక్ట్ తెచ్చారు. 1970 డిసెంబరులో అది చట్టమైంది. సోర్ చేసిన గుర్రాన్ని షోలో చూపించడమే కాదు, ప్రదర్శనలో పెట్టడం, వేలానికి తేవడం, అమ్మడం, అందుకోసం తరలించడం కూడా నేరమే. వేలంపాకలు కూడా చట్టం కింద ఉన్నాయన్న సంగతి చాలామంది కొనుగోలుదార్లకు తెలియదు.

చట్టం ఉండి కూడా ఎందుకు ఆగలేదు? 1976లో చేసిన సవరణలో జవాబుంది. ప్రతి ఊరి షోకీ ప్రభుత్వ పశువైద్యుణ్ణి పంపే స్తోమత లేదని, పరిశ్రమ సంఘాలే శిక్షణ ఇచ్చి లైసెన్సు ఇచ్చిన ఇన్‌స్పెక్టర్లకు తనిఖీ అప్పగించారు. వీళ్లను డీక్యూపీలు (డెసిగ్నేటెడ్ క్వాలిఫైడ్ పర్సన్స్) అంటారు. షో కమిటీ డీక్యూపీని పెట్టుకుంటే బాధ్యత చాలావరకు అతని మీదికి పోతుంది. పెట్టుకోకుండా షో నడిపి, సోర్ గుర్రం రింగులో దొరికితే కమిటీ ఇరుక్కుంటుంది. కాగితం మీద ఇది బాగానే ఉంది. కానీ ఆ డీక్యూపీలు చాలామంది అదే గుర్రాల లోకంలో తిరిగేవాళ్లు, కొందరికి సొంత గుర్రాలున్నాయి. ఈ శనివారం ఎవరి గుర్రాన్ని వెనక్కి పంపాలో వాళ్లతోనే వచ్చే శనివారం మొహం మొహం చూసుకోవాలి. ఇక అమలుకు ఏడాదికి 5 లక్షల డాలర్లు మించకూడదని 1976 సవరణే పరిమితి పెట్టింది.

2010లో, ఈ చట్టం అమలు చూసే అమెరికా వ్యవసాయ శాఖలోని అంతర్గత నిఘా అధికారి, ఇన్‌స్పెక్టర్ జనరల్, ఆడిట్ చేసి బయటపెట్టిన లెక్క ఈ వ్యవహారంలో అన్నిటికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. 2005 నుంచి 2008 దాకా డీక్యూపీలు పనిచేసిన షోల్లో సుమారు 6 శాతానికే ప్రభుత్వ పశువైద్యులు వెళ్లగలిగారు. కానీ డీక్యూపీలు రాసిన ఉల్లంఘనల్లో దాదాపు సగం ఆ 6 శాతం షోల్లోవే. గుర్రాలు అవే, రూల్సు అవే, ఇన్‌స్పెక్టర్లూ వాళ్లే. పక్కన పై అధికారి నిలబడితే నేరం కనిపించింది, లేకపోతే కనిపించలేదు. డీక్యూపీ పద్ధతినే ఎత్తేయమని ఆ ఆడిట్ సిఫారసు చేసింది. దేశమంతా చూసే షెల్బీవిల్‌లో నిఘా ఉంటుంది, ఊళ్లో లయన్స్ క్లబ్బు షోలో ఉండదు. గుర్రం మాత్రం రెండు చోట్లా ఒకటే.

తనిఖీని దగ్గర నుంచి చూస్తే అదెంత సున్నితమైన పనో తెలుస్తుంది. గుర్రాన్ని ముందు కోన్ల చుట్టూ నడిపిస్తారు. కుంటుతోందా, పగ్గం వదులుగా ఉన్నా హాయిగా వస్తోందా చూస్తారు. తర్వాత ఇన్‌స్పెక్టర్ వంగి ముందుకాలు ఎత్తి పట్టుకుని, గిట్ట పైనుండే సన్నటి భాగమంతా బొటనవేలితో ఒక్కో చోటా నొక్కుతాడు. నొప్పి ఉంటే గుర్రం కాలు లాక్కుంటుంది, పొట్ట బిగిస్తుంది, తల ఎగరేస్తుంది. ఇదీ పరీక్ష. దీన్ని తప్పించుకునే దారులూ ఉన్నాయి. కొట్టంలో దొంగ తనిఖీ చేస్తూ, కాలు నొక్కినప్పుడు గుర్రం కదిలితే ముట్టె మీద కొడతారు. కదిలితే ఇంకా పెద్ద నొప్పి అని అది నేర్చుకుని అసలు తనిఖీలో రాయిలా నిలబడుతుంది. తనిఖీ సమయం దాకా పనిచేసే మత్తుమందు పూసేవాళ్లున్నారు. అందుకే తర్వాత రసాయన పరీక్షలకు స్వాబ్‌లు తీయడం, కాలి వేడిని పట్టే థర్మోగ్రఫీ, ఎక్స్‌రేలు వచ్చాయి.

2012 మేలో ఒక పేరున్న ట్రైనర్ కొట్టంలో రహస్యంగా తీసిన వీడియో టీవీలో వచ్చింది. రసాయనాలు రాయడం, గుర్రాల్ని కొట్టడం అందరూ చూశారు. అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. పెప్సీ సెలబ్రేషన్ స్పాన్సర్‌షిప్ నుంచి తప్పుకుంది. అదే ఏడాది అమెరికా పశువైద్యుల సంఘం, గుర్రాల వైద్యుల సంఘం కలిసి ఈ పోటీల్లో ప్యాడ్లు, గొలుసులు నిషేధించమని కోరాయి.

రెండో పక్షం మాట కూడా వినాలి. ప్యాడ్లు, 6 ఔన్సుల లోపు గొలుసు చట్టబద్ధమైనవేనని, వాటంతట అవి నొప్పి కలిగించవని బిగ్ లిక్ వర్గం అంటుంది. ఆబర్న్ యూనివర్సిటీలో 1978 నుంచి 1982 దాకా చేసిన పరిశోధనను చూపిస్తుంది. తేలిక గొలుసుల వల్ల హాని కనిపించలేదని, బరువైన వాటితో పుండ్లు పడ్డాయని అందులో తేలింది. ఒకే గుర్రాన్ని ఒక ఇన్‌స్పెక్టర్ పాస్ చేస్తే ఇంకొకరు ఫెయిల్ చేస్తున్నారన్న ఫిర్యాదులోనూ నిజముంది. కాలి చర్మం మీద మచ్చల్ని బట్టి గుర్రాన్ని సోర్ అని నిర్ణయించే స్కార్ రూల్ ఇప్పుడున్న మాటల్లో అమలుకు పనికిరాదని 2021లో అమెరికా శాస్త్ర సంస్థ నేషనల్ అకాడమీస్ నిపుణుల నివేదిక కూడా చెప్పింది. అదే నివేదిక డీక్యూపీల బదులు పశువైద్యులే తనిఖీ చేయాలని కూడా చెప్పింది, ఆ సగం మాత్రం బిగ్ లిక్ వర్గానికి అంతగా గుర్తుండదు. నా మటుకు నాకు ఒక ప్రశ్న మిగిలే ఉంది. గొలుసు, ప్యాడు గుర్రాన్ని బాధించకపోతే, నడక పుట్టుకతోనే వస్తే, అవి దేనికి?

చట్టం మార్చే ప్రయత్నాలు చాలానే జరిగాయి. ప్యాడ్లు, గొలుసులు నిషేధించి శిక్షలు పెంచే బిల్లు ప్యాస్ట్ యాక్ట్‌కు టైడింగ్స్ పేరే పెట్టారు. ప్రతినిధుల సభ 2019లో 333-96 తేడాతో ఆమోదించింది, 2022లో మళ్లీ ఆమోదించింది. రెండుసార్లూ సెనేట్ దాకా వచ్చి ఆగింది. 2024లో వ్యవసాయ శాఖ ఈ జాతి పోటీల్లో ప్యాడ్లు, గొలుసులు వద్దంటూ, డీక్యూపీల స్థానంలో కొత్త ఇన్‌స్పెక్టర్లను పెడుతూ నిబంధన తెచ్చింది. 2025 ఫిబ్రవరి 1న అమల్లోకి రావాలి. సరిగ్గా దానికి ముందురోజు టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ నిషేధం సహా కీలక భాగాలను కొట్టేసింది. మిగిలిన వాటి అమలు వాయిదా పడింది.

వేలంపాకలో

గుర్రాల వేలానికి వెళ్తే రెండు రకాల సరుకు కనబడుతుంది. ఒకటి షో రక్తం. తండ్రి ఫలానా ఛాంపియన్, తాత ఫలానా అని క్యాటలాగులో నాలుగు తరాల పేర్లుంటాయి. ఏడాది నిండని పిల్లలకు కూడా ఆ పేర్ల మీదే పాట సాగుతుంది. రెండోది ట్రైల్ గుర్రం. అడవి దారుల్లో, కొండల్లో వారాంతాలు తిరగాలనుకునే వాళ్ల కోసం. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లు కుదుపు లేని ఈ నడక కోసమే వెతుక్కుంటూ వస్తారు. ఈ రెండో మార్కెట్‌లో ముందుకాలి ఎత్తుకు పైసా విలువ లేదు. నిదానం, నున్నటి నడక, కాళ్ల ఆరోగ్యం, ఇవే ధర.

యజమాని గుర్రాన్ని వేలం కంపెనీకి అప్పగిస్తాడు. కంపెనీ కమిషన్ తీసుకుంటుంది. అనుకున్న ధర రాకపోతే వెనక్కి తీసుకునే హక్కు ముందే రాయించుకుంటాడు, అప్పుడు పాట ఎంతకు వెళ్లినా నో సేల్ అంటారు. పాట పెట్టేవాడు మూడు నిమిషాల్లో గుర్రాన్ని అమ్మేస్తాడు. ఆ మూడు నిమిషాల్లో నిర్ణయం తీసుకునేవాడు మోసపోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. పాట ఏ షరతు మీద జరుగుతోందో మొదటి మాటల్లోనే చెప్తారు, అది చెవిన పడకపోతే ప్రమాదం. ఆరోగ్యంగా ఉందని హామీ ఇచ్చి అమ్మడం వేరు, ఉన్నది ఉన్నట్టుగా అని అమ్మడం వేరు. రెండోదానిలో ఇంటికెళ్లాక గుర్రం కుంటితే అది కొన్నవాడి తలరాత.

అందుకే తెలిసినవాళ్లు వేలం మొదలయ్యే కొన్ని గంటల ముందే వెళ్లి గుర్రం కట్టేసిన చోట నిలబడతారు. జీను వేస్తున్నప్పుడు ఎలా ఉంటుందో చూస్తారు. అప్పటికే చెమట పట్టి ఉందంటే ఎవరో ఉదయం నుంచి తిప్పి అలిసిపోయేలా చేశారని అర్థం. తల వాలేసి, పెదవి వేలాడేసి, చుట్టూ గోలగా ఉన్నా పట్టించుకోకపోతే మత్తు ఇంజెక్షన్ అనుమానించాలి. గట్టినేల మీద నడిపించమని అడగాలి, మెత్తటి ఇసుక కుంటిని దాచేస్తుంది. వెనక్కి అడుగులు వేయించాలి. ముందుకాళ్లు రెండూ గిట్ట పైన తడమాలి. వెంట్రుకలు ఊడిన చారలు, అలల్లా మడతలు పడి గట్టిపడిన చర్మం, పాత గాయపు మచ్చ తగిలితే ఆ గుర్రం గతం చేతికి తెలిసిపోతుంది. బిగ్ లిక్‌లో నడిచి, గెలవలేక, ప్యాడ్లు ఊడదీయించుకుని ట్రైల్ గుర్రంగా వేలానికి వచ్చేవి ఉంటాయి. చాలావాటికి మంచి యజమాని దొరికితే, గిట్టలు మళ్లీ సరిగా పెరగనిస్తే, హాయిగా బతుకుతాయి. కొనేవాడికి మాత్రం ఆ సంగతి ముందే తెలియాలి.

కాగితాల్లో ముఖ్యమైనవి రెండు. కాగిన్స్ పరీక్ష రిపోర్టు, అంటే గుర్రాలకు జోరీగల లాంటి కుట్టే ఈగల ద్వారా అంటుకునే ఒక రక్తవ్యాధి లేదని చెప్పే రక్తపరీక్ష. అది లేకుండా రాష్ట్రం దాటించకూడదు. రెండోది రిజిస్ట్రేషన్ కాగితం, దాని మీద అమ్మినవాడి సంతకం. తర్వాత ఇస్తాను అంటే చాలాసార్లు రాదు. కాగితం లేని గుర్రం ఎంత బాగా నడిచినా దాని పిల్లకు రిజిస్టరులో చోటు ఉండదు.

వేలంలో ఎవరూ పాట పాడని గుర్రాల గతి చెప్పకపోతే కథ పూర్తి కాదు. అమెరికాలో గుర్రపు మాంసం కోసం నడిచే ఆఖరి కబేళాలు 2007లో మూతపడ్డాయి. కానీ తక్కువ ధరకు కొని ట్రక్కుల్లో మెక్సికో, కెనడా కబేళాలకు తరలించేవాళ్లు వేలంపాకల్లో కూర్చుంటూనే ఉన్నారు. కుంటిదైన గుర్రం, ముసలి గుర్రం, పేరులేని గుర్రం వాళ్ల పాలిట పడుతుంది. షోల్లో గెలిచే కొద్ది గుర్రాల కోసం ఎక్కువ పిల్లల్ని పుట్టిస్తే, మిగిలినవన్నీ ఏదో ఒక వేలంపాకకు చేరాల్సిందే.

సహజ నడకకే రిబ్బను

ఫ్లాట్‌షాడ్ షోలు ఇప్పుడు సొంతంగా ఒక దారి వేసుకుంటున్నాయి. ఫ్రెండ్స్ ఆఫ్ సౌండ్ హార్సెస్ లాంటి సంస్థలు ప్యాడ్లు, గొలుసులు లేని పోటీలకే గుర్తింపు ఇస్తాయి. లాడం లేకుండా నడిచే గుర్రాన్ని కూడా రింగులోకి రానిస్తాయి. తలూపు, ఓవర్‌స్ట్రైడ్, నాలుగు కాళ్ల తాళం, మొదట్లో చెప్పుకున్న లక్షణాలన్నిటికీ అక్కడ మార్కులుంటాయి. ఈ షోల్లో గెలిచిన గుర్రాన్ని ట్రైల్ మార్కెట్‌లో కొనేవాడు కూడా కోరుకుంటాడు, ఎందుకంటే జడ్జి చూసిందీ అతనికి కావాల్సిందీ ఒక్కటే. జడ్జింగ్ మారితే ధర మారుతుంది, ధర మారితే పెంపకం మారుతుంది. ఒక్కో శనివారం, ఒక్కో ఊళ్లో, ఒక్కో జడ్జి చేతిలో ఉన్న పని ఇది.

మన దేశంలోనూ ఇలాంటి పుట్టునడక గుర్రాలున్నాయి. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల్లో కొన్ని రేవాల్ అనే కుదుపు లేని నడక నడుస్తాయి. పుష్కర్ సంతలో, మహారాష్ట్రలో తాపీ నది ఒడ్డున సారంగ్‌ఖేడా సంతలో కొనేవాళ్లు దాన్ని ప్రత్యేకంగా నడిపించి చూసుకుంటారు. ఏ జాతిలోనైనా జడ్జి కన్ను, కొనేవాడి జేబు ఒకేచోట నిలిచినప్పుడు టెనెసీలో జరిగిందే జరగొచ్చు కాబట్టి, ఈ చరిత్ర ఇక్కడి పెంపకందార్లు కూడా చదవదగ్గది.

నాష్‌విల్ చుట్టుపక్కల ఇప్పుడు తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. ఫ్రాంక్లిన్‌లో ఉండేవాళ్లకు హార్లిన్స్‌డేల్ ఫారం ఊళ్లోనే ఉంది. 1945లో, 1946లో వరుసగా ఛాంపియన్ అయిన మిడ్‌నైట్ సన్ ఆ ఫారం గుర్రం. 2004లో దాన్ని నగరం కొని పార్కు చేసింది. పిల్లల్ని తీసుకుని ఆ చుట్టుపక్కల ఏదైనా షోకి వెళ్లాలనుకుంటే, ముందు ఆ షో ఏ తరగతులు పెడుతోందో, తనిఖీ ఎవరు చేస్తున్నారో ఫోన్ చేసి అడగండి. ప్యాడ్లు లేని తరగతులకే టికెట్టు కొనండి. స్టాండ్లలోంచి గుర్రం ముందుకాళ్లను కాదు, వెనక్కాలు ఎక్కడ దిగుతోందో చూపించండి.